ఎంపీసీ కుర్రాడికి తెలుగు ఎందుకంటే

"మావాడు ఇంటర్ ఎంపీసీ. తెలుగు పుస్తకం ముట్టడు, దాంతో నాకేం పని అంటాడు" అని రాశారు కదండీ. మాదీ విజయనగరమే, మా ఇంట్లోనూ ఇదే గొడవ. తిడితే లాభం లేదు.

మా అమ్మాయికి నేను కన్యాశుల్కం మొదటి కూర్పుకి గురజాడ ఇంగ్లీషులో రాసిన పీఠిక చూపించాను. నాటకం కాదు, పీఠిక! అందులో అంకెలున్నాయి మరి. విజయనగరం మహారాజు పూనికతో విశాఖ జిల్లాలో మూడేళ్లలో జరిగిన కన్యాశుల్కం పెళ్లిళ్లు, అంటే డబ్బు తీసుకుని పిల్లనిచ్చిన పెళ్లిళ్లు, లెక్క తీస్తే 1034 తేలాయి. పెళ్లికూతుళ్లలో ఐదేళ్ల పిల్లలు 99 మంది, ఏడాది పిల్లలు ముగ్గురు. పెన్సిల్‌తో గ్రాఫ్ గీస్తున్నది కాస్తా ఆ ముగ్గురి దగ్గర ఆగిపోయింది. "నాన్నా, వీళ్లకి మాటలైనా వచ్చుంటాయా?" అంది.

ఎంతమందో పీఠికలోని లెక్క చెప్పింది. పెద్దకూతురు వితంతువై ఇంట్లో కళ్లెదుట తిరుగుతున్నా, చిన్నదాన్ని కూడా ముసలాడికి ఇవ్వడానికి నాటకంలోని తండ్రి అగ్నిహోత్రావధాన్లుకి మనసెలా ఒప్పిందో తెలియాలంటే నాటకం చదవాల్సిందే. మా అమ్మాయి తనే ఆ నాటకం అడిగి తీసుకుంది.

మీవాడికీ ముందు ఆ అంకెలివ్వండి. ఓ ఆదివారం ఇక్కడి గురజాడ ఇంటికి తీసుకురండి. మార్కుల సంగతి తర్వాత చూద్దురు గాని.