నాయనమ్మ రాత్రిళ్లు మంచం కింద దాక్కుంటోంది.. మతిమరుపేనా?

ప్రశ్న: మా నాయనమ్మకు 89 ఏళ్లు. పుట్టింది విశాఖపట్నం. యుద్ధకాలంలో అక్కడ బాంబులు పడ్డాక చిన్నపిల్లను రైలెక్కించి వరంగల్‌లో మేనమామ ఇంటికి పంపారట. ఆయన ఆజంజాహీ మిల్లులో పనిచేసేవారు. మిల్లు సైరన్ మోగితే విమానాలొచ్చాయని మంచం కింద దూరేదాన్నని నవ్వుతూ చెప్పేది. మూడు వారాలుగా రాత్రి కుక్కర్ విజిల్ వేసినా "దీపాలార్పండి" అంటూ నిజంగానే దూరుతోంది. పగలు మామూలే. తిండి తగ్గింది, రెండుసార్లు పక్క తడిపింది. మెడికల్ షాపులో అడిగి నిద్ర పట్టడానికని రోజూ రాత్రి అల్ప్రజోలం (ఆందోళన తగ్గించి మత్తునిచ్చే మందు) సగం బిళ్ల వేస్తున్నాం. ఆ జ్ఞాపకాలు నిజమేనా? చెప్పనివ్వాలా, ఆపాలా?
– ఓ పాఠకురాలు, హన్మకొండ

జవాబు: జ్ఞాపకాల సంగతి తర్వాత. నాకు టెన్షన్ పెట్టినవి రెండు మాటలు: పక్క తడపడం, సగం బిళ్ల.

ఏళ్ల తరబడి నవ్వుతూ చెప్పిన కథ మూడు వారాల్లో భయంగా మారింది. పగలు బాగుండి రాత్రి తికమక పడుతోంది. ఇలాంటప్పుడు ముందు డెలీరియం, అంటే ఒంట్లో ఏదో తేడా వల్ల ఉన్నట్టుండి వచ్చే తికమక, అనుమానిస్తాం. మతిమరుపు జబ్బు నెలలు, ఏళ్ల మీద ముదురుతుంది, డెలీరియం రోజుల్లో వస్తుంది. మూత్రంలో ఇన్ఫెక్షన్, సోడియం పడిపోవడం, మలబద్ధకం, ఏదైనా కారణం కావచ్చు. ఈ వయసులో ఇన్ఫెక్షన్‌కు జ్వరం, మంట ఉండాలనేం లేదు. బీపీకి నీళ్ల బిళ్ల (మూత్రం ఎక్కువ పోయేలా చేసే మందు) వాడుతున్నారేమో మీరు రాయలేదు, అదీ సోడియం తగ్గిస్తుంది. మనిషిని చూడకుండా ఇదే అని చెప్పలేను. రేపే ఫిజీషియన్‌కు చూపించండి. మూత్ర పరీక్ష, కల్చర్, సోడియం, క్రియాటినిన్, షుగర్ లాంటివి రాస్తారు. లేపినా లేవకపోయినా, మాట ముద్దగా వచ్చినా, చెయ్యో కాలో పడిపోయినా రేపటిదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి.

ఇక ఆ బిళ్ల. "సగమే కదా సార్" అని రోజూ వింటూనే ఉంటాను. అల్ప్రజోలం షెడ్యూల్ హెచ్1 మందు. చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మింది రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి. షాపాయన ఇచ్చాడు సరే, మీరెలా వేశారమ్మా? పెద్దవాళ్ల ఒంట్లోంచి అది మెల్లగా పోతుంది, తికమకను ఇంకా పెంచవచ్చు. మత్తులో మంచం కింద నుంచి లేచి బాత్రూంకు వెళ్తూ తూలిపడితే తుంటి ఎముక పోతుంది. తుంటి విరిగి వచ్చిన అవ్వల మందుల కవరు బోర్లిస్తే ఇలాంటి స్ట్రిప్పులు చాలాసార్లు చూశాను.

అలాగని ఈ రాత్రికే మానేయకండి. రోజూ వేసేది ఒక్కసారిగా ఆపితే వణుకు, ఒక్కోసారి ఫిట్స్ కూడా రావచ్చు. ఎలా తగ్గించాలో చూసే డాక్టరే చెప్పాలి.

ఈలోపు కుక్కర్ పని చీకటి పడకముందే కానివ్వండి. గదిలో చిన్న లైటు ఉంచండి. మంచం కిందికి వెళ్తే లాగకండి, "విమానాల్లేవు" అని వాదించకండి. పక్కన కూర్చుని "నేనున్నా నాయనమ్మా, ఇది మన ఇల్లే" అనండి.

మీరడిగిన దానికొస్తే, చరిత్ర నా సబ్జెక్టు కాదు గానీ 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆజంజాహీ మిల్లు 1934లోనే పెట్టారు. ఆమె చెప్పేదాంట్లో నమ్మలేనిదేం లేదు. పగటిపూట, ఆమెకు ఇష్టమైతే చెప్పనివ్వండి, ఫోన్‌లో రికార్డు చేసుకోండి.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు వాడే మందులన్నీ తీసుకెళ్లండి. తిడతారని ఆ సగం బిళ్ల స్ట్రిప్పును మాత్రం ఇంట్లో దాచి వెళ్లకండి.