ఆ లెక్క కథలోకి రావాలి

అమ్మాయ్,

నీ కథ అందింది. భాష బాగుంది. నాలుగో పేజీలో "సమాజంలో అంతరాలు పెరిగిపోయాయి" అన్న వాక్యం చూసి కాగితాలు పక్కన పడేశాను. దానికి ముందు పేజీలోనే కూలికెళ్లే నాగమ్మ చేత "పొలం మాది కాదుగా, మాకేం పోలేదంట" అనిపించావు. అంత మాట రాసినదానివి, మళ్లీ ఈ ఉపన్యాసం ఎందుకమ్మా?

తుళ్లూరు వైపు ఊళ్ల మీద రాస్తున్నావు కాబట్టి చెబుతున్నా. 2015లో అమరావతి రాజధాని కోసం సమీకరణకు, అంటే బదులుగా ప్లాట్లు తీసుకునే ఒప్పందం మీద ప్రభుత్వానికి, భూమి ఇచ్చిన రైతుకు ఎకరం మెట్టకు ఏడాదికి 30,000, ఏడాదంతా నీళ్లుండే జరీబు భూమికి 50,000 రూపాయలు ప్రభుత్వమే కౌలు కడుతుందన్నారు. భూమి లేని కుటుంబానికి నెలకు 2,500 పింఛను. పన్నెండు నెలలు కూడు, అదీ 30,000 అవుతుంది. కాగితం మీద నాగమ్మ, ఎకరం మెట్ట ఉన్న ఆసామి ఇద్దరూ సమానమే! కానీ ఆసామి కౌలు మెట్టకు 3,000, జరీబుకు 5,000 చొప్పున ఏటా పెరిగేలా పెట్టారు. పైగా ఆ మెట్ట ఎకరానికి వెయ్యి గజాల ఇంటి స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం. నాగమ్మ పింఛనుకు అలా ఏటా పెరిగే ఏర్పాటు పెట్టలేదు, గజం స్థలమూ లేదు, చేలో పనీ లేదు. కౌలుకు చేసుకునేవాళ్ల సంగతి ఇంకా ఘోరం. జరీబులో అరటీ కూరగాయలూ పండించింది వాళ్లయినా, పట్టా వాళ్ల పేరున లేదు కనుక ప్రభుత్వమిచ్చే ఆ కౌలు డబ్బు యజమానికే పోయింది.

ఆసామి ప్లాటు ఏళ్ల తరబడి కంపచెట్ల మధ్య ఉండిపోయింది, కాదనను. దాని కోసం రైతుల నిరసన శిబిరాలు నడిచాయి, పాదయాత్రలు జరిగాయి, టీవీలు చూపించాయి. నాగమ్మ పని గురించి అంత గోల ఎప్పుడైనా విన్నావా?

ఎవరి చేతి డబ్బు ఎవరి చేతికి వెళ్లిందో రాయకుండా అసమానత మీద కథ రాయకూడదు. ఇది నా మొండితనమే అనుకో. ఒకప్పుడు మన కథల్లో చివరికి రైతు పురుగుమందు తాగి తీరాల్సిందే. ఇప్పుడేమో అమెరికా కొడుకు కారు దిగి, బీడు పొలం చూసి నిట్టూరుస్తాడు. నీ కథలోనూ దిగాడు. వాడి నిట్టూర్పుకి రెండు పేజీలు, నాగమ్మకి పదకొండు లైన్లు!

నేను పొగాకు కంపెనీలో గుమస్తాగా ఉన్నప్పుడు గ్రేడింగుకొచ్చే ఆడవాళ్ల మీద కథ రాశాను. ఆలస్యమైతే కూలిలో ఎంత కోసేవారో, మగవాళ్లకి ఎంత ఇచ్చేవారో అందులో పెట్టాను. "ఇది కథా, చిట్టా పుస్తకమా?" అని ఎడిటరు గారు ఆ పేరా మొత్తం ఎత్తేసి అచ్చేశారు. ఇక మిగిలింది ఏడుపే. ఆ ఏడుపుని మెచ్చుకుంటూ ఉత్తరాలు కట్టలుగా వచ్చాయి. నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆయనకి తర్వాత సన్మానాలు కూడా జరిగాయిలే.

పోటీకి పంపాలా, పుస్తకం ఎవరు వేస్తారు అని ఏవో అడిగావు. అవి తర్వాత చూద్దాం. ముందు ఆ కొడుకుని విమానం ఎక్కించేసెయ్. నాగమ్మ మిరపకోతకి ఏ ఊరు పోతోంది, ఆటో చార్జీ ఎవరు పెట్టుకుంటున్నారు, పింఛను ఆగిన నెలలో అప్పు ఎవరిచ్చారు, వడ్డీ ఎంత, కనుక్కుని రాయి. పోస్టులోనే పంపు. ఫోనులో చదవడం నా వల్ల కాదు.