ఆగస్టు ఎండల్లో, అక్టోబరు చలిగాలిలో బాస్ చేప: డాలస్‌కి కొత్తగా వచ్చినవాళ్లకి

"లేక్‌కి మూడుసార్లు వెళ్లాం, ఒక్క చేప పడలేదు, ఇక్కడ అసలు చేపలున్నాయా?" డాలస్, ఫ్రిస్కో వైపు కొత్తగా దిగినవాళ్లు ఆగస్టులో తరచూ అడిగే ప్రశ్న ఇది. చేపలకేం కొదవ లేదు. మధ్యాహ్నం ఎండలో, మోకాలి లోతు వేడినీళ్లలో గాలం వేస్తే పడవు, అంతే.

ముందు లైసెన్సు సంగతి చూసుకోండి. టెక్సస్‌లో మామూలు ఫిషింగ్ లైసెన్సు కొన్న రోజు నుంచి ఏడాది ఉండదు, ఆగస్టు 31తో అయిపోతుంది. ఆగస్టు మొదటివారంలో కొంటే నెల తిరక్కుండానే చెల్లదు. ఆగస్టు మధ్యలో కొత్త ఏడాదివి అమ్మకానికి వస్తాయి, అప్పటిదాకా ఆగి అవే కొనండి. రాష్ట్రంలో వరసగా ఆరు నెలలకు మించి ఉన్నవాళ్లే రెసిడెంట్ కింద లెక్క. వాళ్లకి మంచినీటి (ఫ్రెష్‌వాటర్) ఫిషింగ్ ప్యాకేజీ 30 డాలర్లు, మిగతావాళ్లకి 58. మొన్ననే వచ్చినవాళ్లు రెసిడెంట్ అని పెట్టి కొనకండి, అది తప్పుడు సమాచారం ఇచ్చినట్టే. 17 ఏళ్లలోపు పిల్లలకి లైసెన్సు అక్కర్లేదు. ఇంకో మంచి వెసులుబాటు: స్టేట్ పార్కు లోపల ఒడ్డు మీంచో, పియర్ (నీళ్లలోకి కట్టిన వంతెనలాంటిది) మీంచో పట్టుకుంటే పెద్దవాళ్లకీ అక్కర్లేదు. రే రాబర్ట్స్ లేక్ దగ్గరున్న ఐల్ డు బోయిస్ పార్కుకి పోయి, మీకిది నచ్చుతుందో లేదో తేల్చుకున్నాకే డబ్బు పెట్టండి.

ఇక చేప సంగతి. లార్జ్‌మౌత్ బాస్ తీరు మన కొరమీనుకి దగ్గర. నాచులోనో, మునిగిన మోడు పక్కనో మాటు వేసి, ముందునుంచి పోయేదాన్ని ఒక్క ఊపున మింగుతుంది. ఎండాకాలం చివర పైనీళ్లు 85 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటి ఉంటాయి. అడుగున చల్లగానే ఉంటుంది కానీ అక్కడ ఆక్సిజన్ ఉండదు, ఎందుకంటే వేసవంతా పైనీళ్లూ కిందనీళ్లూ కలవవు. అందుకే "ఎండగా ఉంది కదా, బాగా లోతులో వేద్దాం" అనుకుంటే చేపలేని నీళ్లలో వేసినట్టే. పడవలో సోనార్ (నీటి లోపల ఉన్నది తెరమీద చూపే పరికరం) ఉంటే ఈ రెండు పొరల మధ్య హద్దు మసక గీతలా కనిపిస్తుంది. ఎర ఎప్పుడూ దానికి పైనే ఉండాలి.

ఒడ్డునుంచి వేసేవాళ్లకి ఈ నెలల్లో దక్కేది తెల్లవారుజాము. వెలుతురు రాకముందే చేరుకోండి, పొద్దెక్కి రెండు గంటలయ్యాక సర్దేయండి. ముందు నీటి పైన తేలే పాపర్ అనే ఎర గానీ, నాచు మీద ప్లాస్టిక్ కప్ప గానీ వాడండి. కప్పకి 50 పౌండ్ల బలమున్న బ్రెయిడ్ లైన్, అంటే అల్లిన గాలపు దారం కావాలి; సన్న లైన్ అయితే చేప నాచులో దూరి తెంపేస్తుంది. నీళ్లు భళ్లుమనగానే లాగేయడం కొత్తవాళ్లందరూ చేసే పని. అప్పటికి కప్ప దాని నోట్లో ఉండదు. రాడ్‌కి బరువు తగిలేదాకా ఆగి అప్పుడు గట్టిగా లాగండి.

పొద్దెక్కాక, సర్దేసేలోపు టెక్సస్ రిగ్, అంటే గుండూ కొక్కెమూ ప్లాస్టిక్ వానపామూ కలిపి కట్టే పద్ధతి. ఒక్కటే నేర్చుకోవాలంటే ఇదే నేర్చుకోండి. 12 పౌండ్ల ఫ్లోరోకార్బన్ లైన్‌కి పావు ఔన్సు బుల్లెట్ గుండు, మొన రాడ్ వైపు ఉండేలా ఎక్కించండి. తర్వాత 3/0 సైజు ఆఫ్‌సెట్ (మెడ దగ్గర వంపున్న) కొక్కెం కట్టండి. ముడి బిగించేముందు ఉమ్మితో తడపాలి. పొడిగా బిగిస్తే రాపిడికి లైన్ అక్కడే బలం కోల్పోతుంది. ఏడంగుళాల ప్లాస్టిక్ వానపాము తలలోకి కొక్కెం మొన పావు అంగుళం గుచ్చి, పక్కకి బయటికి తీసి, కొక్కెం కన్ను దాకా జరిపి, అరచుట్టు తిప్పి, మొనని మళ్లీ ఒంట్లోకి దాచండి. పట్టుకుని చూస్తే వానపాము నిటారుగా వేలాడాలి. వంకర ఉంటే నీళ్లలో గిరగిరా తిరిగి లైనంతా మెలిపడుతుంది. అడుగుకి దిగనిచ్చి, రాడ్‌తో అడుగున్నర లేపి, మళ్లీ వదలండి. చాలాసార్లు అది కిందికి దిగేటప్పుడే చేప అందుకుంటుంది, కాబట్టి ఆ సమయంలో చూపు లైన్ మీద ఉండాలి. లైన్ పక్కకి కదిలితే చేపే.

సెప్టెంబరు చివర రాత్రులు చల్లబడి నీళ్లు 70ల్లోకి రాగానే కథ మారుతుంది. షాడ్ అనే చిన్న చేపల గుంపులు వాగులు లేక్‌లో కలిసే పాయల్లోకి ఎదురెక్కుతాయి, బాస్ వాటి వెనకే పోతుంది. ఇక పొద్దున్నే అన్న పట్టింపు అక్కర్లేదు, మబ్బు పట్టి గాలి వీస్తుంటే మధ్యాహ్నమూ పడతాయి. గాలి ఏ ఒడ్డుకి కొడుతోందో ఆ ఒడ్డునే నిలబడండి; షాడ్ అక్కడికే కొట్టుకొస్తుంది. అర ఔన్సు లిప్‌లెస్ క్రాంక్‌బెయిట్ (చిన్న చేప ఆకారపు గట్టి ఎర) గానీ స్పిన్నర్‌బెయిట్ (తిరిగే రేకులున్న ఎర) గానీ వేసి, నాచుకి తగులుకున్నప్పుడు ఒక్క కుదుపుతో విడిపించండి. ఆ కుదుపుకే కరుస్తుంది. నీటి మీద షాడ్ ఎగురుతూ కలకలం కనిపిస్తే నడిమధ్యలో వేయకుండా దాటించి వేసి, లోపలికి లాక్కురండి. అలాంటి గుంపుల్లో ఇక్కడివాళ్లు శాండ్ బాస్ అనే వెండిచారల చేప కూడా ఉంటుంది. లార్జ్‌మౌత్‌కి పక్కన నల్లటి పట్టీ, కంటిని దాటి వెనక్కి పోయే దవడ గుర్తు. రెండింటి నిబంధనలు వేరు, తేడా తెలిసి ఉండాలి.

అక్టోబరు ప్రాంతంలో కొన్ని రోజులు ఏ పాచికా పారదు. పైనీళ్లు చల్లబడి కిందనీళ్లతో సమానమవగానే గాలికి రెండూ కలిసిపోయి, అడుగున కుళ్లిందంతా లేస్తుంది. నీళ్లు గోధుమరంగుకి తిరిగి మురుగువాసన వస్తుంది. అలాంటిచోట ఎరలు మారుస్తూ కూర్చోవద్దు. లోతు తక్కువున్న పాయల్లోకి పోండి, అక్కడ నీళ్లు విడి పొరలుగా ఉండవు కనక ఈ గోల తగలదు.

ఇంటికి తెచ్చుకునేవాళ్లు ఇది జాగ్రత్తగా చదవండి. రాష్ట్రమంతటికీ మామూలు నియమం లార్జ్‌మౌత్ 14 అంగుళాలకి తగ్గకూడదు, రోజుకి అయిదు. నోరు మూసి, తోక నొక్కిపట్టి కొలవాలి. లేక్ ఫోర్క్‌లో మాత్రం 16కి పైన, 24కి లోపు ఉన్న ప్రతి చేపనీ వదిలేయాలి. 24, ఆపైన ఉన్నది రోజుకి ఒక్కటే. టెక్సస్ రికార్డు బాస్ 1992లో అక్కడే పడింది, 18.18 పౌండ్లు. పెద్ద తల్లిచేపలు మిగలాలనే ఆ నియమం, మనస్ఫూర్తిగా పాటించదగ్గదే. వలలో పడ్డ బాస్‌ని ఉంచుకోకూడదు, గాలంతోనే పట్టాలి. ఒడ్డునే తలా తోకా తీసి ముక్కలు కొట్టుకోవడం మన అలవాటు. ఇక్కడ పడవలోనో, పియర్ మీదో అలా చేయకూడదు; చేప నేలకి చేరాక, మళ్లీ పడవెక్కించనప్పుడే తలా తోకా తీయొచ్చు, లేకపోతే వార్డెన్ (వేట నిబంధనలు చూసే అధికారి) జరిమానా రాస్తాడు. కాడో లాంటి కొన్ని లేకుల బాస్‌లో పాదరసం ఉందని ప్రభుత్వ హెచ్చరిక ఉంది, పులుసు పెట్టేముందు మీ లేక్ పేరు చూసుకోండి.

వదిలేసేదైతే ఆగస్టులో మరీ తొందరగా వదలండి. వేడినీళ్లలో అలసిన చేప ఈదుకుంటూ పోయినా తర్వాత చచ్చిపోతుంది. చేతులు తడుపుకుని పట్టుకోండి. దవడ ఒక్కటే పట్టి అడ్డంగా ఎత్తి ఫొటో దిగితే దవడ దెబ్బతింటుంది, రెండో చెయ్యి పొట్ట కింద పెట్టండి.

ఒడ్డున మండుచీమల పుట్టలుంటాయి, చెప్పులతో కాకుండా బూట్లతో వెళ్లండి. కయాక్ అద్దెకి తీసుకుంటే 13 ఏళ్లలోపు పిల్లలకి లైఫ్ జాకెట్ తొడిగి ఉండాల్సిందే, పెద్దవాళ్లకి తలా ఒకటి పడవలో ఉండాలి. లూయిస్‌విల్, రే రాబర్ట్స్ లేకుల్లో జీబ్రా ముస్సెల్ అనే చిన్న ఆల్చిప్ప పాకిపోయింది. బయటికి రాగానే కయాక్‌లో, బకెట్‌లో చుక్క నీరు లేకుండా వంచేసి, ఇంకో లేక్‌లో దించేముందు కనీసం వారం రోజులు ఆరబెట్టండి.