థర్మల్ కెమెరాతో గోడలోని తేమ, వేడి నష్టం నిజంగా తెలుస్తాయా?

థర్మల్ కెమెరా గోడ లోపలికి చూడలేదు. గోడ ఉపరితలం నుంచి వెలువడే, సుమారు 8 నుంచి 14 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యం గల పరారుణ కిరణాలను గ్రహించి, ఉష్ణోగ్రతల తేడాను రంగుల్లో చూపుతుంది. తడిసిన చోట నీరు ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది కనుక అక్కడ చల్లని మచ్చ కనిపిస్తుంది. అయితే చలికాలంలో లోపలి నుంచి చూసినప్పుడు, ఇన్సులేషన్ (వేడిని అడ్డుకునే పొర) లోపించిన చోటా, గాలి చొరబడే సందు దగ్గరా అలాంటి మచ్చే రావచ్చు కాబట్టి, తేమ మీటరుతో నిర్ధారించుకోకుండా గోడ పగలగొట్టడం ఏమాత్రం తగదు. వేడి నష్టాన్ని వెతకడానికి ఇంటి లోపలికీ బయటికీ కనీసం 10 డిగ్రీల సెల్సియస్ తేడా ఉంటే మంచిది. ఎండ తగిలిన గోడ గంటల తరబడి వేడిని నిలుపుకుంటుంది గనుక, బయటి చిత్రాలకు సూర్యోదయానికి ముందు వేళే అనుకూలం. గాజు, మెరిసే లోహం ఎదుటి వస్తువుల వేడిని ప్రతిఫలిస్తాయి; వాటిపై కనిపించే అంకెలను నమ్మకండి.