డాక్టర్ సలహా: లాభంలో ఉన్నా పేకాట బల్ల మీంచి లేవలేకపోతున్నా

ప్రశ్న: నాకు 58 ఏళ్లు, మాది భీమవరం. పార్కిన్సన్స్‌కి మూడేళ్లుగా ప్రమిపెక్సోల్ వాడుతున్నా. ఏడాది నుంచి క్లబ్బులో 13 ముక్కలాట అలవాటైంది. ఐదు వేలొస్తే లేచిపోదాం అనుకునే కూర్చుంటా, పది వచ్చినా లేవను, జేబు ఖాళీ అయ్యాకే బండి తీసేది. ముక్కలు పేర్చేటప్పుడు చెయ్యి వణక్కుండా ఇంకో మాత్ర వేసుకుంటా. మనసు గట్టిపడటానికి మందేమైనా ఉందా?

జవాబు: మనసు సంగతి తర్వాత, ముందు ఆ ఇంకో మాత్ర ఎవరు వేసుకోమన్నారండీ? మీరు ఒక్క మాటలో చెప్పి వదిలేశారు గానీ నాకు కంగారు పుట్టింది అక్కడే. ప్రమిపెక్సోల్ మెదడులో డోపమైన్ అనే రసాయనం చేసే పని చేస్తుంది, అందుకే వణుకు తగ్గుతుంది, కానీ ఇంకొక్క ఆట అనిపించేది కూడా ఆ డోపమైనే. ఈ రకం మందులతో కొంతమందికి జూదం మీద అదుపు తప్పుతుంది, అంతకుముందు పేకముక్క ముట్టనివాళ్లకి కూడా. అసలు చెయ్యి నడుస్తున్నప్పుడు లేవడం ఎవరికైనా కష్టమే, వచ్చిన డబ్బే కదా పోతే పోయింది అనిపిస్తుంది, మీరేమో సరిగ్గా ఆటకి కూర్చునేటప్పుడే మాత్ర పెంచుతున్నారు.

మిమ్మల్ని చూడకుండా కారణం ఇదేనని నేను చెప్పలేను. కానీ ఈ వారంలోనే మీ న్యూరాలజిస్టుకి పేకాట సంగతి దాచకుండా చెప్పండి. డోసు మెల్లగా తగ్గించడమో వేరే మందుకి మార్చడమో ఆయన చూసుకుంటారు. ఇది చదివి భయపడి మీ అంతట మీరు మాత్రలు ఆపేయొద్దు, దయచేసి. ఒక్కసారిగా మానేస్తే ఒళ్లు బిగుసుకుపోవచ్చు, విపరీతమైన ఆందోళన రావచ్చు. పాత చీటీ చూపించి మెడికల్ షాపులో తెచ్చుకోవడం, తోచినట్టు పెంచుకోవడం, తగ్గించుకోవడం, ఈ అలవాటు వల్లే మా దగ్గరికి వచ్చేసరికి చాలామందికి పరిస్థితి ముదిరిపోతోంది.

ఇంకోటి, ఈ మందుకి కూర్చున్న చోటే ఉన్నట్టుండి నిద్ర ముంచుకురావచ్చు. క్లబ్బు నుంచి రాత్రిపూట బండి నడపడం ఇవాళే ఆపండి.

మీ ఆవిడని కూడా తీసుకెళ్లండి. అనవసరంగా వస్తువులు కొనడం, అర్ధరాత్రి లేచి తినడం, కోరికలు పెరగడం లాంటివి మనకంటే ఇంట్లోవాళ్లకి ముందు తెలుస్తాయి. డబ్బు కొన్నాళ్లు ఆవిడ చేతిలో ఉంటే మంచిది. మందు మార్చాక కూడా ఆట మీదకే మనసు పోతుంటే సైకియాట్రిస్టుని కలవాలి, దానికి కౌన్సెలింగ్ ఉంది. ఈలోపు మరీ దిగులుగా ఉంటే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడొచ్చు.

వెళ్లేటప్పుడు స్ట్రిప్పులు పట్టుకెళ్లండి, రోజుకి నిజంగా ఎన్ని వేసుకుంటున్నారో, ఏ టైమ్‌కో, కాగితం మీద రాసుకుని మరీ.