పళ్లతో పట్టే మాస్కు

ప్రశ్న: ఇండోనేషియా జావా దీవి మాస్కు నాట్యంలో మాస్కుకి తాడు కనిపించదు. మరి ఊడిపోదా? ఇంట్లోవాళ్లకే నేర్పుతారా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఊడదండీ. జావాలోని చిరెబొన్ ప్రాంతపు మాస్కు నాట్యం 'తొపెంగ్'లో మాస్కు లోపల చిన్న తోలుముక్క ఉంటుంది. దాన్ని పళ్లతో కరిచిపట్టుకునే ఆడతారు. నాకైతే ఎర్ర మాస్కు పాత్ర క్లానా కంటే తెల్ల మాస్కు పాత్ర పంజీయే కష్టమనిపిస్తుంది. వాద్యాలు హోరెత్తుతుంటే మనిషి దాదాపు కదలకుండా నిలబడాలి! ఇలాంటిది వీడియో చూస్తే వచ్చేది కాదు, అందుకే ఎక్కువగా కుటుంబాల్లోనే దిగుతూ వచ్చింది. జావాలోనే ఇంద్రమాయు ప్రాంతపు నర్తకి మిమి రసినా తన తండ్రి దగ్గర నేర్చుకున్నారు. మధ్యలో చాలా ఏళ్లు ఆట మానేశారు, పాపం. 1990ల్లో పరిశోధకులు వెతుక్కుంటూ వెళ్లాక మళ్లీ ఆడారు. 2010లో ఆవిడ పోయారు. ఇప్పుడు మనవరాలు ఏర్లి బయటి పిల్లలకూ నేర్పుతున్నారు.