అనంతగిరి కొండల్లో నేలమీది చిన్న పూలను గుర్తుపట్టడం ఎలా?

వానాకాలంలో హైదరాబాద్ నుంచి వికారాబాద్ దగ్గరి అనంతగిరికి వెళ్లేవాళ్లు చాలామంది అడిగే ప్రశ్నే ఇది. రంగు ఒక్కటే చూస్తే పొరబడతారు. మొక్క పక్కనే కూర్చుని రేకులెన్ని, అన్నీ ఒకే సైజులో ఉన్నాయా, ఆకులు ఎదురెదురుగా వచ్చాయా అన్నది చూడండి. రత్నపురుషనే తీసుకోండి. గులాబీ రంగు రేకు ఒక్కటే పెద్దది, మిగతా నాలుగూ కనీకనిపించవు. ఒంటిరేకు పువ్వనుకుని మోసపోతాం. నీలం విష్ణుక్రాంతం చిటికెన వేలి గోరంతే, ఆకుల మీద మెత్తటి నూగు ఉంటుంది. దానికోసం పొద్దున్నే వెళ్లాలి, ఎండ ముదిరితే ముడుచుకుంటుంది. మొక్కను పీకకుండా పువ్వు, ఆకు వెనకవైపు, కాడ విడివిడిగా ఫొటో తీయండి. పక్కన రూపాయి బిళ్ల పెడితే సైజు తెలుస్తుంది.